బీర్ కేసులకి స్టాక్ లేబుళ్లు ఎలా ప్రింట్ చేయాలి, లెక్క ఎలా పెట్టాలి?

కోల్డ్ రూమ్‌లో కేసుల మీద లేబుళ్లు చెరిగిపోతున్నాయి, ఏ బ్యాచ్ ఎక్కడుందో తెలీట్లేదు అన్నారు కదా, ఇవి రెండు వేర్వేరు సమస్యలండి.

మొదటిది రిబ్బన్, అంటే లేబుల్ ప్రింటర్‌లో అక్షరాలకి సిరా ఇచ్చే పట్టీ. చల్లటి కేసు బయటికి తేగానే చెమ్మ పట్టి అట్ట తడుస్తుంది, వ్యాక్స్ (మైనం) రిబ్బన్‌తో కొట్టిన అక్షరాలు వేలితో రుద్దితే మసే. మైనంలో రెజిన్ కలిపిన వ్యాక్స్-రెజిన్ రిబ్బన్, చలికి ఆగే గమ్ ఉన్న స్టిక్కర్ రోల్ తీసుకోండి, అట్ట పొడిగా ఉన్నప్పుడే అంటించండి.

ఇక లెక్క. బ్రాండ్, సైజు, బ్యాచ్ నంబర్, ప్యాకింగ్ తేదీ, ఎక్స్‌పైరీ, వీటితో పాటు ప్రతి కేసుకీ వేరే సీరియల్ నంబర్, దాని బార్‌కోడ్ ఉండాలి. 650 ఎం.ఎల్. సీసాలు 12 అంటే కేసుకి 7.8 లీటర్లు, అది కూడా వేస్తే స్టాక్ టాలీ చేసేటప్పుడు హాయి. లేబుళ్లు ముందే కొట్టి పెట్టుకోవద్దు, మా దగ్గర ఒకబ్బాయి పొద్దున్నే రోల్ మొత్తం కొట్టేశాడు, మధ్యలో ట్యాంక్ మారి బ్యాచ్ మారింది, పాత నంబర్‌తో నలభై కేసులు ప్యాలెట్ ఎక్కేశాయి, ఇక సాయంత్రం దాకా పీకుడే పని!

చిరిగిన లేబుల్ పారేయకుండా రిజిస్టర్‌లో అంటించండి. మళ్లీ ప్రింట్ కొడితే పాత సీరియల్ క్యాన్సిల్ చేయాలి, లేకపోతే ఒకే కేసు రెండుసార్లు స్కానై లేని స్టాక్ కనిపిస్తుంది.

పంపేటప్పుడు ముందు వచ్చిన కేసు కాదు, ముందు ఎక్స్‌పైరీ అయ్యేది తీయండి. ఎక్సైజ్ వాళ్ల హోలోగ్రామ్ లేబుళ్లు మాత్రం వీటితో కలపకండి, వాటికి తాళం, లెక్క రెండూ వేరే.