కరెంటు వచ్చాక బోర్డు రెండు నిమిషాలు నెట్‌వర్క్ కోసం ఎందుకు ఆగుతుంది?

కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ మీ చెరువు దగ్గరి లైనక్స్ బోర్డు (సెన్సర్ చదివే చిన్న కంప్యూటర్) రెండు నిమిషాలు ఉలుకూ పలుకూ లేకుండా ఉండి, ఆ తర్వాతే ఆక్సిజన్ రీడింగులు మొదలుపెడుతోందని రాశారు. సరిగ్గా రెండు నిమిషాలంటే నా అనుమానం సిస్టమ్‌డీ-నెట్‌వర్క్‌డీ-వెయిట్-ఆన్‌లైన్ మీదే. లైనక్స్ లేచేటప్పుడు సర్వీసుల్ని మొదలుపెట్టేది సిస్టమ్‌డీ, అందులో నెట్‌వర్క్ వచ్చేదాకా కాచుకునే సర్వీసు ఇది. మనం మార్చకపోతే దాని గడువు 120 సెకన్లు.

శ్రీకాకుళం జిల్లాలో భావనపాడు వైపు రొయ్యల చెరువుల గట్ల మీద ఇలాంటి బాక్సులు చాలా బిగించాను. లైను కరెంటు నుంచి జనరేటర్‌కి మారేటప్పుడు బోర్డు, స్విచ్, రౌటర్ ఒకేసారి ఆరిపోయి ఒకేసారి లేవడం మొదలుపెడతాయి. బోర్డు ముందుగా లేచి ఐపీ అడ్రస్ అడుగుతుంది. ఇవ్వాల్సిన రౌటర్ ఇంకా లేవదు. స్విచ్‌లో స్పానింగ్ ట్రీ (కేబుళ్లు చుట్టు తిరిగి లూప్ కాకుండా చూసేది) ఆన్‌లో ఉంటే ఆ పోర్టు ఇంకో 30 సెకన్లు మూసుకునే ఉంటుంది. బోర్డు తగిలించిన పోర్టుకి పోర్ట్‌ఫాస్ట్ (పోర్టుని వెంటనే తెరిచే సెట్టింగు) పెడితే ఆ 30 సెకన్లు ఆదా అవుతాయి.

ముందు సీరియల్ కేబుల్ పెట్టి బూట్ మెసేజీలు చూడండి. 'స్టార్ట్ జాబ్ ఈజ్ రన్నింగ్' అని కనిపిస్తే సిస్టమ్‌డీ ఆగిందని అర్థం. అంతకంటే ముందే, కెర్నల్ (లైనక్స్ అసలు గుండెకాయ) మెసేజీల మధ్యలో నెట్‌వర్క్ కోసం ఇన్ని సెకన్లు ఆగుతున్నానని వస్తే, బూట్ అయ్యేటప్పుడు కెర్నల్‌కి ఇచ్చే కమాండ్ లైనులో ఐపీ=డీహెచ్‌సీపీ (రౌటర్ నుంచి ఐపీ అడ్రస్ తెచ్చుకోమని) ఉండిపోయి ఉంటుంది. ఎన్ఎఫ్ఎస్ (ఫైళ్లని నెట్‌వర్క్ మీద వేరే కంప్యూటర్ నుంచి వాడుకోవడం) మీద పని చేసుకునేటప్పుడు పెట్టి, తర్వాత తీయని బాపతు. విచిత్రంగా, కేబుల్ కోసం కెర్నల్ ఆగేది కూడా 120 సెకన్లే, అందుకే చాలామంది రెండింటినీ కలిపేసుకుంటారు. అక్కర్లేకపోతే తీసేయండి.

సిస్టమ్‌డీయే అయితే సిస్టమ్‌డీ-ఎనలైజ్ క్రిటికల్-చెయిన్ కమాండ్ కొట్టి, ఏది దేనికోసం ఆగిందో చూడండి. సర్వీసుల సమయాల జాబితా ఇచ్చే బ్లేమ్ ఒక్కటే చూసి నిర్ణయానికి రాకండి, పక్కపక్కనే నడిచిన సర్వీసుల సమయం కూడా అందులో పెద్దగా కనిపిస్తుంది. బోర్డుకి రెండు పోర్టులుండి ఒకదానికి కేబుల్ లేకపోతే, ఆ ఖాళీ పోర్టు కోసమే మొత్తం గడువు కాచుకుని ఉండొచ్చు. దాని నెట్‌వర్క్ ఫైలులో రిక్వైర్డ్‌ఫర్‌ఆన్‌లైన్=నో అని రాయండి.

ఇవన్నీ సెకన్లు తగ్గిస్తాయి. కానీ అసలు అడగాల్సింది వేరే ఉంది: ఆక్సిజన్ చదివి సైరన్ మోగించడానికి ఇంటర్నెట్‌తో పనేమిటి? ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామునే. ఆ వేళ ఏరియేటర్లు (నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) ఆగితే ఆ రెండు నిమిషాలు రైతుకి ఎంత టెన్షనో నాకు తెలుసు. సెన్సర్ ప్రోగ్రామ్ సర్వీస్ ఫైలులోంచి నెట్‌వర్క్-ఆన్‌లైన్ టార్గెట్ పేరున్న ఆఫ్టర్, వాంట్స్ లైన్లు రెండూ తీసేయండి, నెట్‌వర్క్ వచ్చాకే మొదలవమని చెప్పేవి అవే. ఫోనుకి రీడింగులు పంపే పని వేరే సర్వీసుగా విడగొట్టండి. నెట్ లేనంతసేపూ అది రీడింగుల్ని ఫైలులో దాచుకుని, దొరికాక పంపుకుంటుంది.

ఇలా విడగొట్టాక గడియారం సంగతి చూసుకోవాలి. బ్యాటరీతో నడిచే ఆర్‌టీసీ (కరెంటు లేకపోయినా టైము గుర్తుంచుకునే గడియారం చిప్) లేని బోర్డుకి నెట్ వచ్చేదాకా సరైన టైము తెలియదు. రీడింగుల మీద తప్పు తేదీ పడుతుంది, సర్టిఫికెట్లు చెల్లవని సర్వర్ కనెక్షన్ కూడా తెగిపోతుంది. డీఎస్3231 అనే ఆర్‌టీసీ మాడ్యూల్ ఒకటి తగిలించండి, ఖర్చు పెద్దగా ఉండదు.

స్టాటిక్ ఐపీ (మారని అడ్రస్ మనమే రాసి) పెడితే డీహెచ్‌సీపీ కోసం ఆగడం తప్పుతుంది, మీ రౌటర్ ఎప్పటికీ మారదనుకుంటేనే పెట్టండి.

అంతా అయ్యాక రౌటర్ ప్లగ్ పీకేసి, బోర్డుకి మాత్రమే కరెంటిచ్చి చూడండి. సెన్సర్ని నీళ్లలోంచి తీసి, ఆక్సిజన్ లేని ద్రావణంలో ముంచండి. నెట్ లేకుండానే సైరన్ మోగాలి.