తాగునీళ్లతో కళ అంటే మన చలివేంద్రమే కదా?

తాగునీళ్లు పంచుకోవడాన్నే కళగా చేస్తారని విని, చలివేంద్రం పెడితే సరిపోయేదానికి కళ అని పేరెందుకు, విశాఖలో ఎవరైనా చేసి చూశారా అని ఒకరు అడిగారు. మేం చేశాం. రెండేళ్ల క్రితం మే నెలలో, ఎంవీపీ కాలనీలో మా వీధి చివరి వేపచెట్టు కింద, నాలుగు సాయంత్రాలు.

ఆలోచన ఫైన్ ఆర్ట్స్ చదివిన మా బావమరిదిది. 1992లో రిర్క్రిత్ తిరవనిజ అనే థాయ్ కళాకారుడు న్యూయార్క్ గ్యాలరీలో కూర వండి, వచ్చినవారికి అన్నంతో వడ్డించాడట, అదే ప్రదర్శన. 2014లో అమెరికాలోనే మొదలైన ‘వాటర్ బార్’లో వేర్వేరు చోట్ల కుళాయి నీళ్లను పక్కపక్కన పెట్టి రుచి చూపించారట. ‘మా అమ్మ వచ్చిన ప్రతివారికీ మంచినీళ్లిస్తూనే ఉంది, ఆమెను ఎవరూ కళాకారిణి అనలేదు’ అన్నాను. అయినా కుండలు మోసింది నేనే.

ఆరు కుండలు, ఆరు ఇళ్ల నీళ్లు. ఒకటి కార్పొరేషన్ కుళాయి, ఒకటి కాచి చల్లార్చిన బోరు నీరు, ఒకటి ఆర్వో, ఒకటి క్యాను నీళ్లు, ఇలా. కుండల మీద అంకెలే రాశాం. ఏ ఇంటివో చెప్పలేదు.

మొదటి రోజు ప్రయోగం తేలిపోయింది. బల్ల వెనక గ్లాసులు పట్టుకుని నిలబడ్డాం. వచ్చారు, తాగారు, ‘పుణ్యం బాబూ’ అని వెళ్లారు. అచ్చంగా చలివేంద్రమే. రెండో రోజు బల్ల తీసేసి, మేం కూడా పక్కకు తప్పుకుని, చెట్టుకు ఒక పలక కట్టాం: ‘మీ గ్లాసు మీరు నింపుకోకూడదు. పక్కవారికి పోయండి.’ దాంతో దాహమేసినవాడు రెండోవాడు వచ్చేదాకా ఆగాలి. ఇస్త్రీ బండి ఆయన అలా ఆగితే, రోజూ ఆయనకు బట్టలిచ్చే రిటైర్డ్ బ్యాంకు మేనేజరు వచ్చి పోశారు. గ్లాసు అందుకునేటప్పుడు ఇద్దరికీ కాస్త మొహమాటం. తర్వాత ఏ కుండ నీళ్లు బాగున్నాయన్న దానిమీద ఇరవై నిమిషాలు వాదించుకున్నారు.

ఎక్కువమంది మెచ్చింది కుళాయి నీళ్ల కుండనే! రాత్రంతా నిలవుంచితే క్లోరిన్ వాసన చాలావరకు పోతుంది. ఆర్వో లవణాలను తీసేస్తుంది కాబట్టి చప్పగా ఉంటుంది. ఆ చప్పటి నీళ్లు తమ ఇంటివేనని చివర్లో తెలిశాక ఒకావిడ ముఖం చూడాలి.

ఒక పెద్దాయన మాత్రం ఏ ఇంటి నీళ్లో చెబితేనే తాగుతానన్నారు. ఆయన అడుగుతున్నది శుభ్రత గురించి కాదని అక్కడున్న అందరికీ అర్థమైంది. 1927 మార్చి 20న మహారాష్ట్రలోని మహద్‌లో, దళితులను ముట్టనివ్వని చవదార్ చెరువు నీళ్లు అంబేడ్కర్ తాగినప్పుడు అడ్డొచ్చిన కులం ప్రశ్నే అది. మేం చెప్పలేదు. ఆయన తాగలేదు, మర్నాడు రానూ లేదు. చలివేంద్రంలో ఈ ప్రశ్న లేవదు, ఎందుకంటే అక్కడ పోసేవారెవరో, తాగేవారెవరో ముందే ఖరారై ఉంటుంది. కళ అన్న పేరు ఎందుకో నాకు బోధపడింది ఆ సాయంత్రమే.

మూడో రోజు మాటలు హుద్‌హుద్ తుఫాను మీదికి మళ్లాయి. 2014 అక్టోబరు 12 తర్వాత కరెంటు లేక మోటార్లు ఆగిపోయి, ట్యాంకరు దగ్గర బిందెలతో నిలబడిన రోజులు. అసలు మన నీళ్లు ఎక్కడినుంచి వస్తాయని ఒక పిల్లవాడు అడిగితే, తలొకరూ ఒక్కో పేరు అందించారు: రైవాడ, తాటిపూడి, మేఘాద్రిగెడ్డ, ముడసర్లోవ, ఏలేరు కాలువ. వాడు సుద్దముక్కతో రోడ్డు మీద గీతలు గీశాడు. సముద్రాన్ని మాత్రం మన వీధికంటే చిన్నగా వేశాడు.

మీరు చేస్తే బావినీళ్లు, బోరు నీళ్లు పరీక్ష చేయించకుండా, కాచకుండా పెట్టకండి. కుండలు రోజూ ఖాళీ చేసి కడగండి, మూతలు వేయండి. స్టీలు గ్లాసులైతే కడిగే మనిషి ఒకరు ఉండాల్సిందే. మన దగ్గర గాలిలో తేమ ఎక్కువ కాబట్టి కుండ నీళ్లు హైదరాబాదులోలా చల్లబడవు. తడి ఇసుక మీద పెట్టి, గోనెసంచి చుట్టి, సముద్రపు గాలి తగిలేలా చూడండి. కుండ కొనేటప్పుడు నీళ్లు పోయించి చూడండి. మా ఆరింటిలో ఒకటి మొదటి రాత్రే కారిపోయింది.