టర్కీ 8 డాలర్లే, బిల్లు మాత్రం 186 డాలర్లు!

ప్రశ్న: మేం టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. ఇంట్లో నలుగురం. థ్యాంక్స్‌గివింగ్ పండగకి ఫ్రోజెన్ టర్కీ కోడి పౌను 49 సెంట్లే అని మావారు సూపర్‌మార్కెట్‌కి వెళ్లి 16 పౌన్లది తెచ్చారు. ఇంటికొచ్చాక చూస్తే బిల్లు 186 డాలర్లు. అందరూ కొనే రోజుల్లోనే ఇంత చవగ్గా ఎందుకు అమ్ముతారు? ఇంకో షాపులో నెలరోజుల్లో 400 డాలర్ల సరుకు కొంటే టర్కీ ఫ్రీ అంటున్నారు. తీసుకోమంటారా?

జవాబు: మీరు పంపిన బిల్లు ఒక్కో లైనూ చదివానమ్మా. టర్కీ 7.84 డాలర్లు. ఆ కింద వేయించే పెద్ద ట్రే, మాంసానికి గుచ్చే థర్మామీటరు, నాలుగు పెట్టెల వెన్న, చిలగడదుంపలు, క్రాన్‌బెర్రీ సాస్, రెండు గుమ్మడికాయ పైలు, పువ్వుల గుత్తి, సువాసన కొవ్వొత్తులు... అలా ఇంకో 178 డాలర్లు. మీ ప్రశ్నకు జవాబు ఆ 178 డాలర్లలోనే ఉంది.

వ్యాపారంలో దీన్ని లాస్ లీడర్ అంటారు. ఒక సరుకును కొన్న ధరకో, అంతకన్నా తక్కువకో అమ్మి, దాని కోసం వచ్చిన మనిషి కొనే మిగతా సరుకుల మీద లాభం తీసుకోవడం. టర్కీ మీద పోయే డబ్బు దుకాణం లెక్కలో ప్రకటన ఖర్చు లాంటిది.

మన ఊళ్లో దీనికి పూర్తిగా ఎదురు జరుగుతుంది. దసరాకి మటన్ రేటు పెరుగుతుంది. ఎందుకంటే మటన్ కొట్టతను అమ్మేది మటనే. అందులో నష్టపోతే రాబట్టుకోవడానికి అతని దగ్గర బియ్యం లేవు, కొవ్వొత్తులు లేవు. సూపర్‌మార్కెట్‌లో వేల రకాల సరుకులుంటాయి. అందుకే ఒక కోడిని ఎరగా వదులుకోగలదు.

మరి టర్కీనే ఎందుకు? దాని ధర అందరి నోళ్లలో ఉంటుంది, ఏ షాపులో ఎంతో ముందే చూసుకుని బయల్దేరతారు. పైగా టర్కీ ఒక్కటే తెచ్చి ఎవరూ పండగ చేసుకోరు. నవంబరు నాలుగో గురువారానికి ఇల్లంతా బంధువులు, బల్ల నిండా వంటకాలు ఉండాలి. అన్నీ ఒకేచోట కొనేద్దాం అనుకుంటారు. అమెరికా రైతుల సంఘం ఫార్మ్ బ్యూరో ఏటా పదిమంది విందుకు ఎంతవుతుందో లెక్క కడుతుంది. 2024లో అది 58.08 డాలర్లు. అందులో 16 పౌన్ల టర్కీ వాటా 25.67. అంటే ఎరగా కాకుండా మామూలు సగటు ధర వేసినా, సగానికి పైగా ఖర్చు మిగతా వాటిదే.

కోళ్ల సరఫరా సంగతీ ఉంది. టర్కీలను ఏడాది పొడవునా కోసి గడ్డకట్టించి నిల్వ చేస్తారు. వేసవి చివరికల్లా కోల్డ్ స్టోరేజీలు నిండుతాయి, పండగలకు ఖాళీ అవుతాయి. గడ్డకట్టించని తాజా టర్కీకి ఈ వెసులుబాటు లేదు, అందుకే దాని ధర అంతగా దిగదు. కానీ అసలు కారణం దుకాణాల పోటీయే అని నా నమ్మకం. షెవలియర్, కశ్యప్, రోసీ అనే ఆర్థికవేత్తలు చికాగోలోని ఒక సూపర్‌మార్కెట్ సంస్థ అమ్మకాలను పరిశీలించి 2003లో ఇదే చెప్పారు. గిరాకీ పెరిగే రోజుల్లోనే ఆ సరుకు ధర తగ్గుతోంది, ఆ తగ్గింపులో ఎక్కువ భాగం దుకాణం తన మార్జిన్‌లోంచే ఇస్తోంది. క్రైస్తవులు మాంసం తగ్గించే లెంట్ రోజుల్లో ట్యూనా చేప డబ్బాలకూ అంతే.

కాబట్టి టర్కీ మీద మీకు దక్కిన లాభం నిజమైనదే. మీవారి మీద కోప్పడకండి. ఆయన చేసిన పొరపాటల్లా చీటీ రాసుకోకుండా, ఆకలి మీద, పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లడం. వచ్చే ఏడాది టర్కీ కోసం ఒక్కసారి వెళ్లి, అది మాత్రమే తీసుకుని బిల్లు కట్టి వచ్చేయమనండి. మిగతావి చీటీ ప్రకారం, ఎక్కడ చవగ్గా ఉంటే అక్కడ. వెన్న, పిండి, పంచదారకు ఆ వారాల్లో మంచి ఆఫర్లు ఉంటాయి, అవి నిల్వ ఉంటాయి కూడా.

ఇక 400 డాలర్ల ఫ్రీ టర్కీ. ముందు గత మూడు నెలల కార్డు స్టేట్‌మెంట్లు తీసి, ఆ షాపులో మీరు మామూలుగా నెలకు ఎంత ఖర్చు పెడుతున్నారో కూడండి. 400 దాటుతుంటే సంతోషంగా తీసుకోండి. 250 దగ్గర ఉంటే వదిలేయండి. పౌను 49 సెంట్లకు దొరికే కోడి కోసం ఇంకో 150 డాలర్లు ఎందుకు? ఇండియన్ స్టోర్‌లో తక్కువకు వచ్చే కందిపప్పు, బియ్యం ఆ లెక్క నింపడానికి ఇక్కడ ఎక్కువ పెట్టి కొంటే అదీ నష్టమే.

రోస్ట్ మీ పిల్లలకు నచ్చకపోతే ముక్కలు కొట్టి మసాలా పట్టించి వేపుడు చేయండి, మేక మాంసం ధరతో పోలిస్తే ఎంతో కలిసొస్తుంది. గడ్డకట్టి ఉండగా మాత్రం దాని మీద కత్తి పెట్టకండి. ఫ్రిజ్‌లో ప్రతి 4, 5 పౌన్లకు 24 గంటల చొప్పున కరగాలి. మీ 16 పౌన్ల కోడిని గురువారం వండాలంటే ఆదివారమే ఫ్రీజర్‌లోంచి ఫ్రిజ్‌లోకి మార్చండి.