స్పానిష్‌లో ఇల్లు అద్దెకు అడగాలంటే ముందుగా ఏ మాటలు, ఏ వ్యాకరణం నేర్చుకోవాలి?

స్పెయిన్‌లో అద్దె ఇల్లు వెతకబోయేవారు మొదట నేర్చుకోవలసిన క్రియ ‘అల్కిలార్’. అద్దెకు ఇవ్వడం, తీసుకోవడం రెండూ ఆ ఒక్క మాటలోనే ఇమిడి ఉన్నందున, ఎవరు ఇస్తున్నారన్నది సందర్భాన్ని బట్టి గ్రహించాలి. ఒక ఫ్లాట్ ఖాళీగా ఉంటే బోర్డు మీద ‘సే అల్కీలా పీసో’ అని, ఎక్కువ ఉంటే ‘సే అల్కీలాన్ పీసోస్’ అని రాస్తారు.

అసలు చిక్కు సబ్జంక్టివ్‌తోనే, అంటే ఇంకా ఖాయం కాని లేదా కోరుకుంటున్న విషయాన్ని చెప్పే క్రియా రూపంతోనే వస్తుంది. బాల్కనీ ఉన్న ఫ్లాట్ కోసం వెతుకుతున్నామని చెప్పేటప్పుడు, అది ఇంకా దొరకలేదు కాబట్టి ‘బుస్కో ఉన్ పీసో కే తెంగా బల్కోన్’ అనాలి. ఇప్పటికే ఉంటున్న ఇంటి గురించి అయితే ‘తెంగా’ స్థానంలో ‘తియేనే’ వస్తుంది. తెలుగులో రెండింటికీ ‘ఉన్న’ అనే మాటే సరిపోతుంది కనుక మనవాళ్లు ఎక్కువగా ఇక్కడే తడబడతారు.

సంతకానికి ముందు ‘ఎస్తాన్ ఇన్‌క్లుయీదోస్ లోస్ గాస్తోస్?’ అని అడిగితే నీరు, కరెంటు వంటి ఖర్చులు అద్దెలో కలిశాయో లేదో తేలుతుంది. ‘ఫియాంథా’ అంటే డిపాజిట్. 1994 నాటి అద్దె చట్టం ప్రకారం నివాస గృహానికి అది ఒక నెల అద్దె, అయితే యజమాని అదనపు హామీని విడిగా కోరవచ్చు. మెక్సికోలో మాత్రం ‘పీసో’ అంటే నేల లేదా అంతస్తు కాబట్టి, అక్కడ ‘దెపార్తమెంతో’ అని అడగాలి.