ముగ్గుల పోటీ బహుమతి రెజ్యూమెలో రాయొచ్చా?

ప్రశ్న: మేడమ్, నమస్తే. మాది తణుకు దగ్గర పల్లెటూరు. భీమవరంలో ఈసీఈ ఫైనలియర్ చదువుతున్నాను. వచ్చే నెల నుంచి మా కాలేజీకి కంపెనీలు వస్తాయి. రెజ్యూమె రాస్తూ హాబీలు, అచీవ్‌మెంట్స్ దగ్గర ఆగిపోయాను. అవి కచ్చితంగా ఉండాలని మా ప్లేస్‌మెంట్ సార్ అంటున్నారు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా బావగారేమో 'అవన్నీ తీసెయ్, ఎవరూ చదవరు' అంటున్నారు. నాకు ఎన్‌సీసీ సి సర్టిఫికెట్ ఉంది. ఎనిమిదేళ్లు వీణ నేర్చుకున్నాను. సంక్రాంతి ముగ్గుల పోటీలో రెండుసార్లు ఫస్ట్ వచ్చాను. ఇంటర్‌లో మంచి మార్కులు వచ్చాయని మా కుల సంఘం వాళ్లు ప్రతిభా పురస్కారం ఇచ్చారు. పాటలు వినడం, సినిమాలు చూడటం ఎలాగూ ఉన్నాయి. వీటిలో ఏవి రాయాలి? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఇద్దరూ తప్పు చెప్పలేదమ్మా. మీ బావగారి చేతికి వచ్చేవి ఎనిమిదేళ్లు, పదేళ్లు పనిచేసినవాళ్ల రెజ్యూమెలు, వాళ్లకు చేసిన పని చెప్పుకోవడానికే పేజీలు చాలవు. మీకింకా ఉద్యోగం లేదు. మీ క్లాసులో అరవై మంది ఉంటే అరవై మందిదీ ఒకటే సిలబస్, అవే ల్యాబులు, చాలామందిది దాదాపు ఒకే ప్రాజెక్టు. మీరెవరో తెలిసేది ఆ చివరి నాలుగైదు లైన్లలోనే. కాబట్టి రాయండి, కానీ ఏరి రాయండి.

ముందు పాటలు వినడం, సినిమాలు చూడటం కొట్టేయండి. ఆ లైను సీనియర్ల ఫైల్లోంచి జూనియర్లకు అలా దిగుతూనే ఉంటుంది. ఒకసారి ఒక కాలేజీలో ఒక్కరోజే పద్నాలుగు రెజ్యూమెల్లో 'హాబీస్' అన్న మాటకు ఒకటే స్పెల్లింగ్ తప్పు చూశాను. ఎవరో ఒకరు తప్పు టైపు చేశారు, మిగతావాళ్లు పేరూ ఫోన్ నంబరూ మార్చుకున్నారంతే. చదివేవాళ్లకు అది ఇట్టే తెలిసిపోతుంది, ఆ తర్వాత పైన నిజంగా కష్టపడి రాసుకున్న ప్రాజెక్టు మీద కూడా అనుమానం వస్తుంది.

ఇంటర్వ్యూకి వచ్చిన ఇంకో అబ్బాయి పుస్తకాలు చదవడం హాబీ అని రాశాడు. సి లాంగ్వేజ్‌లో పాయింటర్ల గురించి అడిగితే చక్కగా చెప్పాడు, బోర్డు మీద బొమ్మ కూడా వేశాడు. ఈ మధ్య ఏం చదివారు అని మామూలుగా, కాస్త స్థిమితపడతాడనే అడిగాను. మాట రాలేదు. కాసేపాగి పాఠ్యపుస్తకం పేరు చెప్పాడు. అక్కణ్నుంచి తెలిసిన జవాబులకు కూడా తడబడ్డాడు. ఆ అబ్బాయికి రానిది ఏమీ లేదు, ఎవరో రాయమన్నారని రాసిన రెండు మాటల వల్ల అరగంట పాడైంది. ఇప్పటికీ గుర్తొస్తే బాధేస్తుంది. అందుకే నేను అందరికీ చెప్పే కొలత ఒక్కటే: ఆ విషయం మీద ఐదు నిమిషాలు తడుముకోకుండా మాట్లాడగలిగితే రాయండి, లేకపోతే ఆ చోటు ఖాళీగా వదిలేయండి.

మీ ఎన్‌సీసీ హాబీల్లో కలపాల్సింది కాదు. అచీవ్‌మెంట్స్‌లో మొదటి లైను అదే. వట్టి 'ఎన్‌సీసీ సి సర్టిఫికెట్' అని వదిలేయకుండా ఏ గ్రేడు, ఏ బెటాలియన్, మొత్తం మూడేళ్లు, వెళ్లిన క్యాంపులు ఏవి అన్నీ ఒక్క లైన్లో ఇమడ్చండి. ముందు బి పాసై, ఆ తర్వాత ఇంకో ఏడాది చేసి, మళ్లీ పరీక్ష రాస్తేనే సి వస్తుందని మీకు తెలుసు కానీ ఎదురుగా కూర్చున్న హెచ్‌ఆర్ అమ్మాయికి తెలియకపోవచ్చు. తెల్లారక ముందే లేచి పరేడ్‌కు వెళ్లిన మూడేళ్లను రెండు మాటల్లో తేల్చేస్తే ఎలా? అన్నట్టు, సి సర్టిఫికెట్‌లో కనీసం బి గ్రేడు, డిగ్రీలో 50 శాతం మార్కులు ఉంటే ఆర్మీలో ఎన్‌సీసీ స్పెషల్ ఎంట్రీకి సైనికాధికారుల ఎంపికకు పెట్టే సీడీఎస్ రాతపరీక్ష లేకుండా నేరుగా ఎస్‌ఎస్‌బీ, అంటే ఎంపిక బోర్డు ఇంటర్వ్యూకి వెళ్లే దారి ఉంది, అమ్మాయిలకు కూడా. వయసు దాటిపోకముందే ఆలోచించుకోండి.

వీణ తప్పకుండా రాయండి. ఎనిమిదేళ్లు ఒకే విద్యను పట్టుకుని ఉండటం చిన్న విషయం కాదు. అయితే ఎప్పటినుంచి ఎప్పటివరకు, కచేరీలో వాయించారా, పరీక్షలు ఏమైనా పాసయ్యారా అన్నవి ఉండాలి. ఇంజినీరింగ్‌లో చేరాక మానేసి ఉంటే 'నేర్చుకున్నాను' అనే రాయండి, ఇప్పుడూ సాధన చేస్తున్నట్టు రాయొద్దు. ప్యానెల్లో సంగీతం తెలిసినవాళ్లు ఒక్కరున్నా ఏ రాగం ఇష్టం, వర్ణాలు ఎన్ని వచ్చు అని అడుగుతారు. ఏమీ తెలియనివాళ్లయితే ఇంకా మొదటినుంచి అడుగుతారు. వాయించే తీగలు నాలుగు, తాళానికి మూడు, మెట్లు ఇరవైనాలుగు అని వాళ్లకు అర్థమయ్యేలా చెప్పండి. మీది బొబ్బిలి వీణ అయితే ఏకాండీ, అంటే ఒకే పనస దుంగను తొలిచి చేస్తారని చెప్పండి. తెలియనివాళ్లకు ఒక విషయం విడమర్చి చెప్పగలరా లేదా అన్నది అక్కడే బయటపడుతుంది, క్లయింటుతో మాట్లాడే ఉద్యోగాల్లో వాళ్లకు కావాల్సింది అదే.

ముగ్గుల బహుమతి సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి వద్దు. టెక్స్‌టైల్ డిజైన్‌కో, గ్రాఫిక్స్‌కో అప్లై చేస్తే మాత్రం ఫొటోలతో సహా పెట్టండి, చుక్కలు లెక్కపెట్టి వాకిలంతా మెలికల ముగ్గు ఒక్క గీత తప్పకుండా వేయడం డిజైన్ పనే. ఆ పోటీని మీరే దగ్గరుండి నడిపి ఉంటే కథ వేరు, అప్పుడు ఎంతమంది వచ్చారు, డబ్బులు ఎలా పోగుచేశారు అన్నది ఏ ఉద్యోగానికైనా రాయొచ్చు.

కుల సంఘం పురస్కారం వద్దమ్మా. మీరు చదివి సంపాదించుకున్నదే, కాదనను. కానీ ఆ ఒక్క లైనుతో మీ కులం ఏమిటో చదివేవాళ్లకు తెలిసిపోతుంది, దానివల్ల ఎవరైనా మీకు మేలు చేసినా కీడు చేసినా రెండూ అన్యాయమే. ఆ మార్కులు చదువు వివరాల్లో ఎలాగూ ఉంటాయి. మతం, తండ్రి ఉద్యోగం, 'పైన రాసినవన్నీ నిజమని ప్రమాణం చేస్తున్నాను' అన్న పేరా కూడా తీసేయండి. ఒక్క పేజీ రెజ్యూమెలో నాలుగు లైన్లు మిగలడం ఎంతో నయం.

ఆ మిగిలిన నాలుగు లైన్లలో ఏం రాయాలో చెబుతాను. కొన్నేళ్ల కిందట ఒక అమ్మాయి ఇంటర్వ్యూకి వచ్చింది. ఆమె రెజ్యూమెలో హాబీ 'నెట్ బ్రౌజింగ్'. మాటల్లో మాటగా హాస్టల్లో ఉన్నారా అంటే అవునండీ, మెస్ సెక్రటరీగా చేశాను అంది. డివైడింగ్ మెస్ అది. నెలంతా అయిన ఖర్చును నెలాఖరున అందరి మీదా పంచుతారు కదా, బిల్లు పెరిగితే అందరూ సెక్రటరీ గది ముందుకే వస్తారు. నూనె, పెరుగు దగ్గర లెక్క తేడా వస్తోందని కనిపెట్టి, రోజూ పొద్దున్నే ఇద్దరమ్మాయిలు స్టోర్ రూమ్ దగ్గర నిలబడి తూకం వేయించి పుస్తకంలో రాసేలా పెట్టిందట. వంటవాళ్లకు కోపం వచ్చి రెండు రోజులు పని ఆపేస్తే వాళ్లతో కూర్చుని మాట్లాడి తెచ్చుకుందట. ఆ ఏడాది మనిషికి ఎంత తగ్గిందో నెలనెలా గడగడా చెప్పింది. ఇది ఎందుకు రాయలేదమ్మా అంటే 'ఇది అచీవ్‌మెంట్ అని నాకు తెలియదండీ, సర్టిఫికెట్ లేదు కదా' అంది. ఆమెను తీసుకున్నాం.

మన పిల్లలు సర్టిఫికెట్ ఉన్నదే ఘనకార్యం అనుకుంటారు. మీరూ ఒకసారి కూర్చుని ఆలోచించండి. ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపులో వంట బాధ్యత చూశారా, ఫెస్టుకు స్పాన్సర్ల చుట్టూ తిరిగారా, నాన్నగారి ఎరువుల కొట్లో లెక్కలు రాశారా. ఉంటే ఎన్నాళ్లు, ఎంతమంది, ఏం మారింది అని అంకెలతో రాయండి.

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. ఫార్మా కంపెనీలో క్వాలిటీ విభాగంలో పన్నెండేళ్లుగా పనిచేస్తున్నాను. అమెరికాలో ఉద్యోగాలకు అప్లై చేయాలనుకుంటున్నాను. రెండు ఫుల్ మారథాన్‌లు పూర్తిచేశాను. స్కూల్లో వ్యాసరచన బహుమతులు ఉన్నాయి. పెట్టవచ్చా?

జవాబు: స్కూలు బహుమతులు వద్దు, వాటి కాలం అయిపోయింది. మారథాన్ చివర్లో ఒక్క లైను, 42 కిలోమీటర్లు రెండుసార్లు, ఏ ఏడాది అని రాస్తే చాలు. మీ విషయంలో ఆడిట్లు, డీవియేషన్లు (పద్ధతి తప్పిన సందర్భాలు) మీరెలా పరిష్కరించారన్నదే ముఖ్యం, చోటు దానికివ్వండి. అమెరికాకు పంపేదాంట్లో ఫొటో, పుట్టినతేదీ, పెళ్లయిందా లేదా అన్నవి పెట్టకండి, అక్కడ అవి అడగరు.

ప్రశ్న: సివిల్స్ మెయిన్స్ రాశాను. డీఏఎఫ్ అనే వివరాల దరఖాస్తు ఫారంలో హాబీ దగ్గర ఏం రాయాలో తెలియడం లేదు. నాకంటూ హాబీలు లేవు. ఉద్యోగం మానేసి చదువుతున్నాను, సాయంత్రం ఒక గంట మా వీధి పిల్లలకు లెక్కలు చెబుతాను, మిగతా టైమంతా పుస్తకాలే. గార్డెనింగ్ అని రాయమని ఫ్రెండ్స్ అంటున్నారు.

జవాబు: గార్డెనింగ్ రాయకండి. ఆ ఫారం బోర్డు సభ్యుల ముందు ఉంటుంది, ఇంటర్వ్యూకి 275 మార్కులు, మీ కుండీలో మట్టి పాళ్లు ఎంతో అడిగితే ఏం చెబుతారు? మీ హాబీ మీ ఉత్తరంలోనే ఉంది. వీధి పిల్లలకు లెక్కలు చెప్పడం అని రాయండి. ఎంతమంది వస్తారు, ఏ తరగతివాళ్లు, భిన్నాల దగ్గర ఎందుకు ఆగిపోతున్నారు, బడిలో రానిది మీ అరుగు మీద ఎలా వస్తోంది, ఈ వారం నుంచి ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటూ ఉండండి.