చవక లాగరే చాలు, ఫైలు మాత్రం సరిగ్గా రావాలి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు, ఎవరైనా గీయగల ఉచిత మ్యాప్ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ కోసం స్వచ్ఛందంగా పనిచేస్తున్న బృందాల నుంచి వచ్చినవే. జీపీఎస్ లాగర్ల గురించి, అంటే నడిచిన దారిని పాయింట్లుగా రాసిపెట్టుకునే చిన్న పరికరాల గురించి, అడిగినవాటిని ఒకచోట చేర్చాను. మొదటి జవాబు కాస్త పెద్దది. డబ్బు వృథా అయ్యేది అక్కడే కాబట్టి తగ్గించలేదు.

ప్రశ్న: ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో మా చుట్టుపక్కల సందులు, కాలిబాటలు చాలావరకు లేవు. మేం కొందరం కలిసి వాటిని ఎక్కించాలనుకుంటున్నాం. చేతిలో డబ్బు తక్కువ. తలా ఒక జీపీఎస్ లాగర్ కొనాలా, ఫోన్లు సరిపోతాయా? కొంటే ఏం చూసి కొనాలి?

జవాబు: వెంటనే కొనకండి. ముందు మీలో ఎవరి దగ్గర ఏ ఫోన్ ఉందో చూడండి. ఈమధ్య వచ్చిన ఫోన్లు జీపీఎస్‌తో పాటు గ్లోనాస్, గెలీలియో, బైదూ ఉపగ్రహాల సిగ్నల్ కూడా అందుకుంటాయి. 2018 నుంచి కొన్ని ఫోన్లలో పాత ఎల్1 సిగ్నల్‌కి తోడు ఎల్5 అనే ఇంకో ఫ్రీక్వెన్సీ సిగ్నల్ కూడా వస్తోంది. ఎత్తయిన భవనాల మధ్య గోడలకు తగిలి వచ్చే దొంగ సిగ్నల్‌ని ఇలాంటి ఫోన్ బాగా పసిగడుతుంది. చవకగా దొరికే పాత లాగర్లలో ఈ సౌకర్యం ఉండదు. ఆకాశం బాగా కనిపించే చోట మామూలు ఫోన్ కూడా దాదాపు 5 మీటర్ల తేడాలో చూపిస్తుంది. సందు గీయడానికి అది చాలు.

ఫోన్‌తో వచ్చే చిక్కులు వేరు. స్క్రీన్ ఆపి జేబులో పెట్టగానే, బ్యాటరీ మిగల్చడానికి ఫోన్ ఆ యాప్‌ని నిద్రపుచ్చుతుంది. రెండు గంటలు నడిచి వచ్చి చూస్తే ట్రాక్, అంటే నడిచిన దారి గీత, మధ్యలో పొడవాటి సరళరేఖ కనిపిస్తుంది. బ్యాటరీ సెట్టింగ్స్‌లో ఆ ఒక్క యాప్‌కి ఆంక్షలు తీసేయండి. ఓఎస్ఎంట్రాకర్ లాంటివి ఈ పని కోసమే తయారైన యాప్‌లు, వాటినే వాడండి. దారి చూపించే నావిగేషన్ యాప్‌తో ట్రాక్ తీయడం మంచిది కాదు. మీరు నడుస్తున్న కాలిబాట దానికి తెలియదు కదా, చుక్కని పక్కనున్న రోడ్డు మీదికి లాగేస్తుంది. అలా వచ్చిన గీత మీరు కొలిచింది కాదు, వేరే ఎవరిదో మ్యాప్ నుంచి వచ్చింది. మన మ్యాప్‌లోకి దాన్ని తేకూడదు.

మరి లాగర్ ఎందుకు? ఫోన్‌తో ఫొటోలు తీస్తూ, బోర్డుల మీది పేర్లు రాసుకుంటూ, మధ్యలో వచ్చే కాల్స్ మాట్లాడుతూ రోజంతా తిరిగితే సాయంత్రానికి బ్యాటరీ ఉండదు. లాగర్ అయితే ఒక్క బటన్ నొక్కి మరిచిపోవచ్చు. మంచి ఫోన్ లేనివాళ్లు కూడా పనిలో కలుస్తారు. నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద లాభం ఇదే. కాబట్టి తలా ఒకటి అవసరం లేదు. బృందం మొత్తానికి రెండో మూడో కొని, ఎవరికి అవసరమైతే వాళ్లకి ఇవ్వండి.

కొనేటప్పుడు మొదట చూడాల్సింది అది ఇచ్చే ఫైలు. లాగర్‌ని కంప్యూటర్‌కి పెడితే పెన్‌డ్రైవ్‌లా తెరుచుకుని, లోపల జీపీఎక్స్ ఫైలో, ఎన్ఎమ్ఈఏ ఫైలో (ఏ మ్యాప్ ప్రోగ్రామ్ అయినా సాధారణంగా చదవగల రకాలు ఇవి) కనిపిస్తే సగం టెన్షన్ పోయినట్టే. కొన్ని లాగర్లకు కంపెనీ సొంత సాఫ్ట్‌వేర్ ఉంటే తప్ప డేటా బయటికి రాదు. ఆ సాఫ్ట్‌వేర్ పాత కంప్యూటర్ల కోసం రాసింది అయితే పరికరం బాగున్నా మనకి దండగే. ఉచితంగా దొరికే జీపీఎస్‌బేబెల్ అనే ప్రోగ్రామ్ చాలా పాత మోడళ్లను చదవగలదు. డబ్బు ఇచ్చే ముందు మీ మోడల్ పేరు దాని జాబితాలో ఉందో లేదో చూసుకోండి. లేకపోతే ఎంత తక్కువకి వచ్చినా వద్దనండి.

రెండోది బ్యాటరీ. హోలక్స్ ఎం-241 అనే పాత లాగర్ ఒక మామూలు ఏఏ సెల్‌తో నడుస్తుంది. దాని తయారీ ఆగిపోయినా సెకండ్ హ్యాండ్‌లో దొరికితే నేను ఇప్పటికీ తీసుకోమంటాను, సెల్ అయిపోతే దారిలోనే మార్చుకోవచ్చు కాబట్టి. బ్యాటరీని లోపలే అతికించేసిన పాత లాగర్ అయితే ఎంతసేపు నిలుస్తుందో ఎవరూ చెప్పలేరు.

మూడోది చాలామంది గమనించనిది. సర్ఫ్ కంపెనీ జీపీఎస్ చిప్ ఉన్న కొన్ని పాత పరికరాల్లో 'స్టాటిక్ నావిగేషన్' అనే సెట్టింగ్ ఉంటుంది. వేగం బాగా తగ్గితే బండి ఆగిందనుకుని చుక్కని ఉన్నచోటే బిగించేస్తుంది. కారులో మంచిదే. నడిచేవాళ్లకి మాత్రం మలుపులన్నీ మింగేస్తుంది. ఆ సెట్టింగ్‌ని ఆపే వీలుందో లేదో అడగండి.

కలర్ స్క్రీన్, లోపల మ్యాపులు, బ్లూటూత్... వీటికి పైసా ఎక్కువ పెట్టకండి. మ్యాప్ గీసే పనికి అవి అక్కర్లేదు.

సెకండ్ హ్యాండ్ లాగర్‌ని పరీక్షించే పద్ధతి చెబుతాను. ఆరుబయట ఆన్ చేసి కదలకుండా పెట్టండి. చాలారోజులు మూలపడి ఉన్న పరికరం ఉపగ్రహాల వివరాలు మళ్లీ మొదటి నుంచి దింపుకోవాలి. జీపీఎస్ సిగ్నల్‌లో ఆ సమాచారం సెకనుకి 50 బిట్ల చొప్పున మాత్రమే వస్తుంది. అన్ని ఉపగ్రహాల జాబితా పూర్తిగా రావడానికి పన్నెండున్నర నిమిషాలు పడుతుంది. కాబట్టి ఐదు నిమిషాల్లో తేల్చేయకండి. ఉపగ్రహాలు దొరికాయని చూపే లైట్ స్థిరపడ్డాక, మ్యాప్‌లో ఇప్పటికే సరిగ్గా ఉన్న ఒక వీధి చుట్టూ ఒకవైపు నుంచి ఒకసారి, ఎదురువైపు నుంచి ఒకసారి నడవండి. ఫైలు తెరిచి రెండు గీతలు ఎంత దగ్గరగా ఉన్నాయో చూడండి. అక్కడక్కడా కాస్త ఊగితే పర్వాలేదు. రెండు గీతలూ ఒకే పక్కకి వీధి దాటి పోతే, లేదా పాయింట్ల పక్కన సమయం లేకపోతే ఆ లాగర్ వద్దు. సమయం లేని పాయింట్లను ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ తీసుకోదు.

ప్రశ్న: ఎన్ని సెకన్లకో పాయింట్ పెట్టుకోవాలి? మెమరీ నిండిపోతుందని భయంగా ఉంది.

జవాబు: సెకనుకొకటి పెట్టుకోండి. గంటకి 3,600 పాయింట్లు అవుతాయి. పైన చెప్పిన ఎం-241లో లక్షా ముప్పై వేల దాకా పడతాయి, అంటే 36 గంటల నడక. ఐదు సెకన్లకి మార్చి గంటకి 60 కిలోమీటర్ల వేగంతో బండి మీద వెళ్తే ఒక పాయింట్‌కీ తర్వాతి దానికీ మధ్య 80 మీటర్ల పైనే ఉంటుంది. ఆ మధ్యలో ఉన్న మలుపు పోయినట్టే. మెమరీ నిండితే ఆగిపోవాలా, పాతవాటి మీద రాసేయాలా అనే సెట్టింగ్ కూడా ఉంటుంది. 'ఆగిపో' అనే దాన్నే ఎంచుకోండి.

ప్రశ్న: నా ట్రాక్ ఎప్పుడూ పాములా వంకర్లు తిరుగుతోంది. లాగర్ చెడిపోయిందా?

జవాబు: ఎక్కడ పెట్టుకుంటున్నారు? ప్యాంటు జేబులోనో, బ్యాగు అడుగునో అయితే లాగర్ తప్పేం లేదు. ఉపగ్రహాలు 20,200 కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి. అక్కడి నుంచి వచ్చే సిగ్నల్ చాలా బలహీనం, మన ఒళ్లే దానికి అడ్డం. లోపలి యాంటెన్నా చిన్న చదరపు పింగాణీ బిళ్ల. దాని ముఖం ఆకాశం వైపు ఉండాలి. నేనైతే బ్యాగు పట్టీకి భుజం మీద గట్టిగా కట్టుకుంటాను. టోపీ పైన పెట్టుకున్నా బాగుంటుంది. ట్రాక్‌లో ఎత్తు అంకెల్ని మాత్రం పట్టించుకోకండి. అడ్డంగా ఉండే తేడా కన్నా నిలువుగా ఉండే తేడా ఎప్పుడూ ఎక్కువే.

ప్రశ్న: ఉపగ్రహ చిత్రం మీద ఇంట్లో కూర్చునే గీయవచ్చు కదా. ఇంకా ఈ తిరుగుడు ఎందుకు?

జవాబు: 2010లో మైక్రోసాఫ్ట్ వాళ్ల బింగ్ తన ఉపగ్రహ చిత్రాలను వాడుకోనిచ్చినప్పటి నుంచి చాలా పని అలాగే సాగుతోంది, తప్పేం లేదు. కానీ చిత్రం ఒక్కోచోట కొన్ని మీటర్లు పక్కకి జరిగి ఉంటుంది, కొండల్లో మరీను. ఒకే దారి మీద నలుగురి ట్రాక్‌లు పరిచి చూస్తే ఆ జరుగుడు కంటికి కనిపిస్తుంది. చెట్ల కింది బాట ఏ చిత్రంలోనూ ఉండదు. 2009లో కెన్యా రాజధాని నైరోబీలోని మురికివాడ కిబేరాలో అక్కడి యువతే జీపీఎస్ పట్టుకుని సందు సందూ తిరిగి తమ మ్యాప్ తామే తయారు చేసుకున్నారు. కుళాయి ఎక్కడుందో, ఏ గదిలో బడి నడుస్తోందో పైనుంచి చూస్తే తెలియదు, నడిచినవాళ్లకే తెలుస్తుంది. మీరు తిరగండి, తప్పకుండా తిరగండి.

ప్రశ్న: ఒకరు ఇచ్చిన పాత లాగర్‌లో తేదీ దాదాపు ఇరవై ఏళ్లు వెనక్కి చూపిస్తోంది. పారేయాలా?

జవాబు: పారేయకండి. జీపీఎస్ సిగ్నల్‌లో వారం సంఖ్యకి పది బిట్లే కేటాయించారు. 1,024 వారాలు అయ్యాక లెక్క మళ్లీ సున్నాకి వస్తుంది. 1999 ఆగస్టులో ఒకసారి, 2019 ఏప్రిల్‌లో ఇంకోసారి అలా జరిగింది. పాత పరికరాలు దీన్ని సరిగ్గా అర్థం చేసుకోలేక వెనక్కి పోతాయి. అక్షాంశ రేఖాంశాలకి ఏమీ కాదు, గంటలు నిమిషాలు కూడా సరిగ్గానే ఉంటాయి. జీపీఎస్‌బేబెల్‌లో ట్రాక్ సమయాన్ని 7,168 రోజులు ముందుకి జరిపితే తేదీ కుదురుతుంది. అప్‌లోడ్‌కి ముందు ఆ పని చేయండి. ఫొటోలను ట్రాక్‌తో కలపాలన్నా ఈ దిద్దుబాటు తప్పదు.

ప్రశ్న: ట్రాక్ అప్‌లోడ్ చేస్తే మా ఇల్లు ఎక్కడో అందరికీ తెలిసిపోదా?

జవాబు: తెలిసే వీలుంది. అప్‌లోడ్ చేసేటప్పుడు 'ప్రైవేట్' అని ఎంచుకున్నా, పేరూ వరుసా లేని చుక్కలుగా ఆ పాయింట్లు అందరికీ అందుబాటులో ఉంటాయి. రోజూ ఒకే గుమ్మం దగ్గర చుక్కలు గుంపు కడితే ఎవరైనా ఊహించగలరు. జీపీఎస్‌ప్రూన్ లాంటి ప్రోగ్రామ్‌తో ట్రాక్ మొదలు, చివర కత్తిరించి అప్పుడు ఎక్కించండి. అంతకన్నా సులువు, నాలుగు వీధులు దాటాక లాగర్ ఆన్ చేసి, తిరిగొచ్చేటప్పుడు అక్కడే ఆపేయడం. బృందంలో పిల్లలుంటే లాగర్ వాళ్ల ఇంటికి పంపకండి. అందరూ కలుసుకునే చోట ఇచ్చి, పని అయ్యాక అక్కడే వెనక్కి తీసుకోండి.