గట్టిపడిపోయిన రెజిన్ మీద కొత్త పొర నిలుస్తుందా?

వారం కిందట పోసిన ఎపాక్సీ రెజిన్ (హార్డెనర్ అనే రెండో ద్రవం కలిపితే గట్టిపడేది) ట్రే మీద ఎండుపూలు పెట్టి ఇంకో పొర పోస్తే పట్టుకుంటుందా, ఊడొస్తుందా అని అడిగారు. ఉండేది చెన్నై అన్నారు.

పట్టుకుంటుంది. కానీ పని పెరిగింది. పాత పొర జిగటగా ఉంటూ వేలికి మాత్రం అంటని దశలో, అంటే చాలా రెజిన్లకి 4 నుంచి 6 గంటల్లో, పోసుంటే రెండూ రసాయనికంగా ఒకటయ్యేవి. మే ఎండల్లో ఆ వేళ ఇంకా ముందే వచ్చేస్తుంది. ఇప్పుడిక పాత పొర మీద గీతలు పెట్టి, వాటి పట్టుతో కొత్త పొరని నిలబెట్టడమే దిక్కు.

అందరూ నేరుగా సాండ్‌పేపర్ అందుకుంటారు, అక్కడే చెడుతుంది. హార్డెనర్‌లోని అమీన్‌లు అనే రసాయనాలు గాలిలోని తేమతో, కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి పైన మైనంలాంటి పూత కడతాయి. సముద్రపు గాలి తగిలే ఊళ్లో ఇది మామూలే, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మరీనూ. తడివేలితో రుద్ది చూడండి, సబ్బు రాసినట్టు జారుతుంది. కడగకుండా గీకితే ఆ పూత గీతల్లోకి దిగుతుంది, ఆపై ఎంత మంచి రెజిన్ పోసినా అట్టులా లేచొస్తుంది. స్పిరిట్‌తో తుడిస్తే సరిగా పోదు. గోరువెచ్చని నీళ్లు, పచ్చ స్క్రబ్బర్ చాలు. తర్వాత బాగా ఆరనివ్వండి.

అప్పుడు 120 లేదా 180 నంబరు పేపర్‌తో మెరుపు మొత్తం పోయేదాకా రుద్దండి. ట్యూబ్‌లైట్ కింద ట్రేని వాల్చి చూస్తే గుంటల్లో మిగిలిన తళుకు కనిపిస్తుంది, అక్కడికి పేపర్ మడిచి పెట్టాలి. అంచులు వదలొద్దు, ఊడటం మొదలయ్యేది అక్కణ్నుంచే. తెల్లగీతలు చూసి కంగారు పడకండి. కొత్త రెజిన్ నిండగానే మాయమవుతాయి. పొడి పీల్చకుండా ఎన్95 మాస్క్ తప్పనిసరి.

దుమ్ము తుడవడానికి 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్. ఇంట్లో మిగిలిన శానిటైజర్ మాత్రం వద్దండి, చాలావాటిలో గ్లిజరిన్ ఉంటుంది. తుడిచాక చేత్తో ముట్టుకోకండి.

ముందు ఒక్క మిల్లీమీటరు పొర పోసి, పూలు అందులో అద్ది, అది జిగట దశకి రాగానే మిగతాది పోయండి. లేకపోతే పూలు పైకి తేలతాయి, కింద బుడగలు చిక్కుకుంటాయి.

అమ్మేవాళ్లు "త్వరగా గట్టిపడాలంటే హార్డెనర్ కాస్త ఎక్కువేయండి" అంటుంటారే, అది శుద్ధ తప్పు. మిగిలిన అమీన్ కలవకుండా ఉండిపోతుంది, పైన జిగట తగ్గదు, పూత ఇంకా పెరుగుతుంది. డబ్బా మీద రెజిన్, హార్డెనర్ 2:1 అని ఉంటే అది బరువులోనా, ఘనపరిమాణంలోనా అన్నది కూడా చదవండి. వానలప్పుడైతే తలుపులు మూసి, ఏసీ డ్రై మోడ్‌లో పెట్టి పోయండి. ఫ్యాన్ వేస్తే పైన దుమ్ము పడుతుంది.